ఆక్రిలిక్ డ్రమ్ములో దాగిన బిగువు

1973 జులైలో లెడ్ జెప్లిన్ బృందం న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కచేరీలు చేసింది. వాటిని కెమెరాలతో పట్టి, మరికొన్ని దృశ్యాలు జోడించి 1976లో సినిమాగా విడుదల చేశారు. ఆ సినిమా చూసినవాళ్ళకు పాటలతో పాటు ఒక రంగు కూడా గుర్తుండిపోతుంది. అది డ్రమ్మర్ జాన్ బోనమ్ ముందున్న డ్రమ్స్ సెట్టు రంగు. చిక్కటి తేనె రంగు. స్టేజి లైట్లు ఆ డ్రమ్ముల మీద పడి ఆగవు, లోపలికి దూరి అవతలివైపు నుంచి బయటికొస్తాయి. 26 అంగుళాల బేస్ డ్రమ్ములో ఉన్న గాలి కూడా వెలుగుతున్నట్టే ఉంటుంది.

ఆ సెట్టు చికాగోకు చెందిన లుడ్విగ్ కంపెనీది. దాని పేరు విస్టాలైట్. పారదర్శకమైన డ్రమ్ము ఊహ మాత్రం లుడ్విగ్‌ది కాదు. కాన్సస్ సిటీకి చెందిన బిల్ జికోస్ అనే డ్రమ్మర్ 1950ల చివర్లోనే దాని మీద పని మొదలుపెట్టి, తర్వాత తన పేరుతోనే అమ్మాడు. 1970ల తొలి ఏళ్ళలో లుడ్విగ్ ఆ దారి పట్టింది. తేనె రంగు, నీలం, ఎరుపు, పచ్చ, ఏ రంగూ లేని డ్రమ్ములు, రెండు మూడు రంగుల పట్టీలను అతికించి చేసినవి అన్నీ తెచ్చింది. దశాబ్దం ముగిసేసరికి మోజు తగ్గింది, తయారీ ఆగింది. 2000ల తొలినాళ్ళలో మళ్ళీ మొదలైంది గానీ, సంగీతకారులు వెతికి కొనేది పాతవాటినే.

ఆ పాతవాటికి ఇప్పుడు యాభై ఏళ్ళు. లారీల్లో తిరిగాయి, అటకల మీద మగ్గాయి, సిగరెట్ పొగ పీల్చాయి. దొరికిన సెట్టును శుభ్రం చేద్దామని కూర్చున్న మనిషి కంటికి ముందు గీతలు, మసకదనం కనిపిస్తాయి. చెయ్యి పాలిష్ డబ్బా వైపు పోతుంది. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పాలిష్ చివరి పని, అన్నిటికంటే తేలిక పని. ఆక్రిలిక్ డ్రమ్మును చంపేది గీత కాదు, దాని ఒంట్లో ఏళ్ళ తరబడి దాగిన బిగువు. ఆ బిగువు ఎక్కడుందో తెలుసుకుని, దాన్ని సడలించడమే అసలైన మరమ్మతు.

ముందు పదార్థం సంగతి. ఆక్రిలిక్ అని మనం పిలిచేది పాలీమిథైల్ మెథాక్రిలేట్ అనే పాలిమర్. మిథైల్ మెథాక్రిలేట్ అనే ఘాటు వాసన ద్రవంలోని చిన్న అణువులు ఒకదాని వెనక ఒకటి చేరి, వేల సంఖ్యలో కలిసిన పొడవాటి గొలుసులవుతాయి. 1933లో జర్మనీలో ఓటో రోమ్ కంపెనీ దీనికి ప్లెక్సిగ్లాస్ అని పేరు పెట్టింది. దాదాపు అదే కాలంలో బ్రిటన్‌లో ఐసీఐ కంపెనీ పెర్‌స్పెక్స్ పేరుతో తయారుచేసింది. గాజులో సగం బరువు కూడా ఉండదు, కాంతిని మాత్రం గాజుతో సమానంగా పంపుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల కాక్‌పిట్ కప్పులు దీంతోనే చేశారు. ఆ కప్పులు పగిలి కొందరు పైలట్ల కళ్ళలో ముక్కలు గుచ్చుకున్నాయి. ఆ ముక్కలను కన్ను తిప్పికొట్టడం లేదని లండన్‌లోని కంటి వైద్యుడు హెరాల్డ్ రిడ్లీ గమనించాడు. 1949లో శుక్లం తీసిన కంట్లో ఇదే పదార్థంతో చేసిన లెన్సును అమర్చాడు. మన దేశంలో మదురైలోని ఆరోల్యాబ్ 1992 నుంచి ఇలాంటి లెన్సులను చవకగా తయారుచేస్తోంది. గుంటూరులోనో వరంగల్లులోనో తాతగారు పెట్టుకునే కట్టుడు పళ్ళ గులాబీ చిగురు కూడా ఈ కుటుంబపు పదార్థమే. ఇది మనకు పరాయి వస్తువేమీ కాదు.

ఈ గొలుసులు గాజులోలాగానే క్రమం లేకుండా చిక్కుపడి ఉంటాయి. సుమారు 105 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆ చిక్కు సడలడం మొదలవుతుంది. 150 డిగ్రీలు దాటితే పలక రబ్బరులా వంగుతుంది. విస్టాలైట్ డ్రమ్ము పుట్టింది అలాగే. సుమారు ఆరు మిల్లీమీటర్ల మందమున్న పలకను వేడిచేసి, గుండ్రంగా చుట్టి, చల్లార్చి, రెండు అంచులను అతికించారు. డ్రమ్ము పక్కన నిలువుగా కనిపించే గీత ఆ అతుకే. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. చల్లారిన పలక గుండ్రంగా నిలబడుతుంది గానీ, తన పాత ఆకారాన్ని మరిచిపోదు. లోపలి గొలుసులు సాగిన స్థితిలోనే బిగిసిపోయి ఉంటాయి. మళ్ళీ 150 డిగ్రీలకు తీసుకుపోతే అది విచ్చుకుని తిరిగి చదును కావడానికి చూస్తుంది. చుట్టేటప్పుడు పలక ఎక్కడైనా చాలినంత వేడెక్కకపోయి ఉంటే, అక్కడ బిగువు మరీ ఎక్కువగా మిగిలిపోతుంది. అందువల్ల అతుకు తన జీవితమంతా విడిపోవాలని లాగే రెండు అంచులను పట్టుకుని ఉంటుంది. పాత విస్టాలైట్‌లలో అతుకులు విచ్చుకోవడం అందరూ ఎరిగిన జబ్బే. దానికి వాయించినవాడిని తప్పుపట్టనక్కర్లేదు.

రెండో బిగువు బెజ్జాల దగ్గర. డ్రమ్ము తోలును, అంటే ఇప్పటి ప్లాస్టిక్ హెడ్‌ను, హూప్ అనే లోహపు వలయం కిందికి నొక్కుతుంది. ఆ హూప్‌ను కిందికి లాగే రాడ్లు డ్రమ్ము పక్కనున్న లగ్‌లలో దిగుతాయి. లగ్‌లు మరలతో డ్రమ్ముకు బిగించి ఉంటాయి. రాడ్డు బిగించిన ప్రతిసారీ అది లగ్‌ను పైకి లాగుతుంది, ఆ లాగుడంతా మర బెజ్జం మీద పడుతుంది. లాగుతున్న పలకలో గుండ్రటి బెజ్జం ఉంటే, దాని అంచున ఒత్తిడి మూడు రెట్లవుతుందని జర్మన్ ఇంజనీరు కిర్ష్ 1898లోనే లెక్కగట్టాడు. 1913లో ఇంగ్లిస్ అనే మరో ఇంజనీరు ఆ లెక్కను కోలగా ఉన్న రంధ్రాలకు విస్తరించాడు. రంధ్రం ఎంత సన్నగా, కొన ఎంత పదునుగా ఉంటే ఒత్తిడి అంత పెరుగుతుంది. పగులు అంటే అలాంటి రంధ్రమే, కొన అత్యంత పదునుగా ఉన్నది. 1921లో గ్రిఫిత్ అనే ఇంజనీరు ఇంకో అడుగు వేశాడు. పగులు సాగినప్పుడు చుట్టుపక్కల నిల్వ ఉన్న బిగువు శక్తి కొంత విడుదలవుతుంది, కొత్త తలాలు ఏర్పడడానికి కొంత ఖర్చవుతుంది. విడుదల ఖర్చును మించిన క్షణం నుంచి పగులును ఆపేది ఏదీ ఉండదు. నిన్నటిదాకా గోరంత ఉన్న బీట ఒక చలి రాత్రి జానెడయ్యేది అందుకే.

చలి అన్నాను కాబట్టి ఆ లెక్క కూడా చూద్దాం. ఆక్రిలిక్ వేడికి ఉక్కు కంటే దాదాపు ఆరు రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. 26 అంగుళాల డ్రమ్ము వ్యాసం 660 మిల్లీమీటర్లు. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు పడిపోతే ఆ వ్యాసం సుమారు 1.4 మిల్లీమీటర్లు కుదించుకుపోతుంది. అదే కొలత ఉన్న ఉక్కు చట్రం పావు మిల్లీమీటరు కూడా తగ్గదు. చికాగో చలికాలంలో వెచ్చటి హాలులోంచి లారీలోకి, లారీలోంచి హాలులోకి మారే సెట్టులో ప్రతి లగ్ దగ్గరా లోహం ఒక మాట, ఆక్రిలిక్ ఒక మాట అంటూ ఉంటాయి. బెజ్జం మరకు అతికినట్టు సరిపోయి ఉంటే ఆ తగాదా తీరే చోటు లేదు. బెజ్జం కాస్త వదులుగా ఉండాలి. యాభై ఏళ్ళ పగుళ్ళలో ఎక్కువ భాగం ఈ చిన్న విషయం నుంచే పుట్టాయని నా నమ్మకం.

ఈ బిగువును కంటితో చూడవచ్చు. పారదర్శకంగా ఉండడం వల్ల ఈ డ్రమ్ముకు దక్కిన గొప్ప వరం అది, చెక్క డ్రమ్ముకు లేదు. బిగువు పడిన పారదర్శక పదార్థం కాంతిని రెండు దిశల్లో రెండు వేగాలతో పంపుతుందని శాస్త్రవేత్త డేవిడ్ బ్రూస్టర్ 1810లలో కనిపెట్టాడు. ఎల్‌సీడీ కంప్యూటర్ తెర నుంచి వచ్చే కాంతి ముందే ధ్రువీకృతమై, అంటే ఒకే దిశలో కంపించేలా, ఉంటుంది. తెరంతా తెల్లగా ఉంచి, దాని ముందు విప్పిన డ్రమ్మును పట్టుకుని, పోలరైజ్డ్ చలువ కళ్ళద్దాల్లోంచి చూడాలి. కళ్ళద్దాన్ని మెల్లగా తిప్పుతూ పోతే ఒక చోట తెర నల్లబడుతుంది. బిగువు ఉన్న చోట్లు మాత్రం ఆ నలుపులో తెల్లగానో రంగుగానో తేలతాయి. ఆక్రిలిక్‌లో ఈ ప్రభావం బలహీనమే, పాలీకార్బనేట్ అనే ప్లాస్టిక్‌లో కనిపించే ఇంద్రధనుస్సులను ఇక్కడ ఆశించకూడదు. ముదురు రంగు డ్రమ్ముల్లో ఇంకా కష్టం. అయినా ఓపికగా చూస్తే బెజ్జాల చుట్టూ, అతుకు వెంట మసక వెలుగులు దొరుకుతాయి. అవి ఎక్కడున్నాయో కాగితం మీద గీసుకోవాలి. మరమ్మతు చేయబోయేవాళ్ళు తప్పకుండా చేయాల్సిన పని ఇదని నేననుకుంటాను.

దీని తర్వాతే కడగడం. ఇక్కడే ఎక్కువ నష్టం జరుగుతుంది. గాజును తుడిచే స్ప్రే, స్పిరిట్, థిన్నర్ చేతికి తొందరగా అందుతాయి. బిగువు లేని ఆక్రిలిక్ ముక్కను ఆల్కహాల్‌తో ఒకసారి తుడిస్తే సాధారణంగా ఏమీ కాకపోవచ్చు. బిగువున్న చోట తగిలితే మాత్రం ఆ చిన్న అణువులు గొలుసుల మధ్య దూరి, వాటి పట్టును సడలిస్తాయి. అప్పటికే లాగబడి ఉన్న గొలుసులు ఒక్కసారిగా జారతాయి. వెండి జరీలా మెరిసే సన్నటి గీతలు గుంపులుగా పుడతాయి. వీటిని క్రేజ్‌లంటారు. అవి పూర్తి పగుళ్ళు కావు, రెండు ఒడ్డులనూ సూక్ష్మమైన పోగులు ఇంకా పట్టుకునే ఉంటాయి. కానీ పగులు రావడానికి దారి వేసేది అవే. అందుకే గోరువెచ్చటి నీళ్ళు, రెండు చుక్కల పాత్రలు తోమే ద్రవం, మెత్తటి నూలు గుడ్డ చాలు. దుమ్మును ముందు నీటితో జారవిడవాలి, పొడి గుడ్డతో రుద్దితే ప్రతి ఇసుక రేణువూ ఒక గీత గీస్తుంది.

ఇక బిగువును తీయడం. ఫ్యాక్టరీల్లో ఆక్రిలిక్ వస్తువులను 80 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి, చాలా మెల్లగా చల్లారుస్తారు. గొలుసులు మెత్తబడకుండానే, కొద్దికొద్దిగా సర్దుకునే ఉష్ణోగ్రత అది. పాత డ్రమ్ముకు ఇది చేయాలంటే డ్రమ్మంతా పట్టే పొయ్యి, నమ్మకమైన థర్మోస్టాట్, లోపల గుండ్రటి ఆధారం ఉండాలి. అవి లేకుండా ఇంటి ఓవెన్‌తోనో హీట్ గన్‌తోనో సాహసం చేయవద్దని గట్టిగా చెప్తాను. 80కి బదులు ఒక పక్క 110 తగిలితే ఆ పక్క చదునవడానికి చూస్తుంది, యాభై ఏళ్ళ అతుకు విడిపోతుంది. ఇంటి దగ్గర చేయగలిగింది ఇంకొకటుంది, నిదానమైనది. హెడ్‌లు, హూప్‌లు, లగ్‌లు అన్నీ విప్పి, డ్రమ్మును నీడన, చదునైన బల్ల మీద నిలబెట్టి కొన్ని వారాలు వదిలేయడం. బయటి నుంచి మోపిన భారం పోతే, మామూలు ఉష్ణోగ్రతలో కూడా గొలుసులు కొంత సర్దుకుంటాయి. పూర్తిగా కాదు, కానీ తర్వాత వేసే జిగురు ప్రాణం నిలబడడానికి ఆ కొంత చాలు.

పగులు మరమ్మతులో మొదటి పని జిగురు వేయడం కాదు, పగులును ఆపడం. టార్చి వెలుగును పక్కనుంచి ఏటవాలుగా వేస్తే పగులు కొన కనిపిస్తుంది. అసలు కొన కంటికి కనిపించే చోటు కంటే కాస్త ముందుకు ఉంటుంది. అక్కడ రెండు మూడు మిల్లీమీటర్ల చిన్న బెజ్జం వేయాలి. పదునైన కొన పోయి దాని చోట గుండ్రటి అంచు వస్తుంది, ఇంగ్లిస్ లెక్క ప్రకారం ఒత్తిడి ఒక్కసారిగా దిగిపోతుంది. లోహానికి వాడే డ్రిల్ బిట్ ఆక్రిలిక్‌ను కొరికి లాగుతుంది. ప్లాస్టిక్ కోసం సానపట్టిన బిట్, వెనక చెక్క ముక్క ఆసరా, సబ్బు నీళ్ళు, తక్కువ వేగం కావాలి. చెత్త పొడిగా రాలకుండా సన్నటి పట్టీలా చుట్టుకుంటూ వస్తే వేగం సరిగ్గా ఉన్నట్టు.

అప్పుడు జిగురు. మన పట్టణాల్లో సైన్‌బోర్డులు చేసే దుకాణాల్లో ఆక్రిలిక్ అక్షరాలను క్లోరోఫాంతో అతికిస్తారు. అమెరికాలో ఎక్కువగా వాడింది మిథిలీన్ క్లోరైడ్. రెండూ నిజానికి జిగురులు కావు, ద్రావకాలు. అవి రెండు అంచులనూ ఉబ్బిస్తాయి. ఉబ్బిన గొలుసులు పొదలో పాములా ఒకదాని సందుల్లోంచి ఒకటి పాకి అవతలి ఒడ్డుకు చేరతాయి. పాలిమర్ గొలుసుల ఈ పాకుడును 1971లో ఫ్రెంచ్ భౌతిక శాస్త్రవేత్త డి జెన్ సిద్ధాంతీకరించాడు, 1991లో ఆయనకు నోబెల్ వచ్చింది. ద్రావకం ఆవిరయ్యాక అక్కడ మిగిలేది జిగురు పొర కాదు, అదే ఆక్రిలిక్. నీళ్ళంత పలచని ద్రావకాన్ని సూదితో పగులు నోటి దగ్గర పెడితే కేశనాళికా ప్రభావంతో అదే లోపలికి పరుగెత్తుతుంది. ఆ క్షణంలో పగులు మాయమైపోతుంది. వక్రీభవన గుణకం ఆక్రిలిక్‌కు 1.49, గాలికి 1. మనకు కనిపించే పగులంటే మధ్యలో చిక్కిన గాలి పొర నుంచి వెనక్కి తిరిగిన కాంతే. గాలి పోతే కాంతికి అడ్డం తగిలేది ఏదీ మిగలదు.

ఒక హెచ్చరిక. బిగువు సడలించకుండా ద్రావకం పోస్తే అది అతికించడానికి బదులు పగులును ఇంకా ముందుకు తోస్తుంది. ఇంకో హెచ్చరిక మనిషి కోసం. క్లోరోఫాం ఆవిరి కాలేయానికి చేటు. మిథిలీన్ క్లోరైడ్ వాడకాల్లో అధిక భాగాన్ని అమెరికా పర్యావరణ సంస్థ 2024లో నిషేధించింది. ఆరుబయట, గాలి ధారాళంగా ఆడే చోట తప్ప ఈ పనికి పూనుకోకూడదు.

విచ్చుకున్న అతుకులో, ముక్క ఊడిన అంచులో ద్రావకం పనిచేయదు, ఖాళీని నింపలేదు. అక్కడ కావాల్సింది పొడి, ద్రవం కలిపే రకం. ద్రవం మిథైల్ మెథాక్రిలేటే, పొడి ముందే తయారైన ఆక్రిలిక్ పూసలు. కలిపిన చోటే కొత్త గొలుసులు పుడతాయి. పళ్ళ ల్యాబుల్లో విరిగిన కట్టుడు పళ్ళను బాగుచేసేది, ఎముకల వైద్యులు తుంటి కీలు అమర్చేటప్పుడు వాడే సిమెంటు, ఈ సూత్రం మీదే నడుస్తాయి. ద్రవం ఒక్కటే గట్టిపడితే దాని ఘనపరిమాణం 21 శాతం తగ్గుతుంది, పొడి కలపడంతో అది ఏడు శాతం దాకా దిగుతుంది. అయినా ఆ కుదింపు కొత్త బిగువే. అందుకే ఒకేసారి నింపకుండా పలచటి పొరలుగా వేసి, ఒకటి ఆరాక ఇంకొకటి వేస్తే మంచిది. అతుకు గీతను పూర్తిగా మాయం చేయాలని పట్టుబట్టవద్దు. అది ఆ డ్రమ్ము పుట్టుమచ్చ, గట్టిగా ఉంటే చాలు.

పాలిష్ గురించి చెప్పాల్సింది కొద్దిగానే ఉంది. రంగు పలక లోతంతా ఉంటుంది కాబట్టి రుద్దితే పోదు, ఎండకు వెలిసిపోయిన రంగు రుద్దితే రాదు కూడా. గోటికి తగిలే గీతలున్న చోట మాత్రమే, పెయింటర్లు వాటర్ పేపర్ అనే నీటి ఉప్పుకాగితాన్ని 600 నంబరు నుంచి మొదలుపెట్టి 2000 దాకా, ప్రతి మెట్టులో దిశ మార్చుకుంటూ వాడాలి. ఆ తర్వాత ప్లాస్టిక్ పాలిష్. మిషన్ బఫ్ ఒకే చోట నిలిపితే రాపిడికి 105 డిగ్రీలు దాటడం ఎంతో సేపు పట్టదు. అంచును మంటతో మెరిపించే పద్ధతి చూడడానికి బాగుంటుంది, కానీ అది తెచ్చేది మళ్ళీ బిగువే. హెడ్ కూర్చునే పై అంచు మాత్రం చదునుగా, గంట్లు లేకుండా ఉండాలి. గాజు పలక మీద డ్రమ్మును బోర్లిస్తే ఎక్కడ ఎత్తుపల్లాలున్నాయో అంచు కింద కనిపించే సందులే చెప్తాయి.

తిరిగి బిగించేటప్పుడు బెజ్జాలను అర మిల్లీమీటరు వదులు చేసి, అంచులు నునుపు చేసి, లగ్‌కూ డ్రమ్ముకూ మధ్య రబ్బరు వాషరు పెట్టాలి. ఇక్కడ ఏ రబ్బరు పడితే అది పనికిరాదు. మెత్తటి పీవీసీలో మెత్తదనం కోసం కలిపిన ప్లాస్టిసైజర్ నెమ్మదిగా ఆక్రిలిక్‌లోకి జారి, స్పిరిట్ చేసిన పనే ఏళ్ళ మీద చేస్తుంది. ఈపీడీఎం రబ్బరు సురక్షితం. మరను చేత్తో తిరిగినంత తిప్పి, ఆపైన కొద్దిగా మాత్రమే బిగించాలి.

ఇంత చేశాక శబ్దం మారుతుందా అని అడుగుతారు. డ్రమ్ము స్వరాన్ని ప్రధానంగా నిర్ణయించేది హెడ్, దాని బిగువు, లోపలి గాలి. ఒకే మందమున్న గుండ్రటి పొర కంపిస్తే వచ్చే స్వరాల నిష్పత్తులు 1, 1.59, 2.14, 2.30 ఇలా పొంతన లేకుండా పోతాయి. డ్రమ్ము దెబ్బలో స్పష్టమైన శ్రుతి వినిపించనిది అందుకే. మృదంగం కుడివైపు మధ్యలో నల్లటి ముద్ద వేసి ఈ నిష్పత్తులను పూర్ణాంకాలకు దగ్గర చేశారు మన వాద్యకారులు. ఆ రహస్యాన్ని 1920లో కొలిచి చెప్పింది, చిన్నతనంలో విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్. ఆక్రిలిక్ డ్రమ్ములో అలాంటి ఉపాయమేమీ లేదు. దాని పని హెడ్ అంచును కదలకుండా పట్టుకోవడం. పగిలిన డ్రమ్ము, విచ్చిన అతుకు, గంట్లు పడిన అంచు ఆ పట్టును వదులు చేసి, బరబరలాడే చప్పుడు కలుపుతాయి. మరమ్మతు తర్వాత ఆ చప్పుడు పోతుంది. శబ్దంలో వచ్చే మార్పు అదే, అది చిన్నదేమీ కాదు.

హెడ్‌ను ఎదురెదురు రాడ్లుగా, కొంచెం కొంచెంగా బిగించుకుంటూ పోవాలి. మొదటి నెలలో వారానికోసారి చలువ కళ్ళద్దాలతో బెజ్జాలను చూసి, మొదట గీసుకున్న కాగితంతో పోల్చాలి. వెలుగు పెరిగిన చోట రాడ్లను సడలించి, మర బిగింపు తగ్గించాలి. సెట్టును దూరం పంపేటప్పుడు హెడ్‌లన్నీ వదులు చేయాలి. నిల్వ ఉంచేది రేకుల కప్పు కింది గదిలో అయితే, మన ఎండాకాలాన్ని తలచుకుని దాన్ని ఇంకో గదికి మార్చాలి.